అప్పులు తీర్చే స్ప్రెడ్‌షీట్ టెంప్లేట్లు: లెక్క బాగానే ఉంది, ఒక కాలమ్ తక్కువైంది

ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ‘డెట్ పేఆఫ్’ అని వెతికితే ఉచిత టెంప్లేట్లు కుప్పలుగా దొరుకుతాయి. రంగులు వేరు, గ్రాఫులు వేరు, లోపల లెక్క మాత్రం ఒకటే. అప్పుల పేర్లు, బాకీలు, వడ్డీ రేట్లు, నెలకు ఎంత కట్టగలరో రాస్తే చాలు. ఏ అప్పు ఏ నెలలో తీరుతుందో, మొత్తం ఎంత వడ్డీ పోతుందో చెబుతాయి. ఆ పని బాగానే చేస్తాయి, నెలనెలా చందా కట్టే యాప్ చాలా ఇళ్లకు అక్కర్లేదు. కానీ చాలా టెంప్లేట్లలో ఒకే లోపం. ఫైలు తెరిచిన రోజు నుంచి కార్డు మీద కొత్తగా ఒక్క పైసా కూడా వాడరని అవి అనుకుంటాయి. చేతికి మించి ఖర్చుపెట్టి అప్పుల్లో పడ్డ ఇంటి విషయంలో అలా అనుకోవడం అమాయకత్వం.

ఈ సమీక్షలో అంకెలకు కరెన్సీ పెట్టలేదు. మీ దగ్గర ఏ నాణెం చెల్లుతుందో అదే అనుకోండి, లెక్క మారదు.

ముందు మంచి సంగతి. టెంప్లేట్ మొత్తం పక్కనపెట్టినా, ఎన్‌పర్ (NPER) అనే ఒక్క ఫంక్షన్ కోసమైనా స్ప్రెడ్‌షీట్ తెరవాలి. దానికి మూడు అంకెలిస్తే చాలు: నెలవారీ వడ్డీ రేటు, నెలకు కట్టే మొత్తం, ఇప్పటి బాకీ. ఎన్ని నెలల్లో తీరుతుందో చెబుతుంది. బాకీ 1,00,000, వడ్డీ ఏడాదికి 36 శాతం, అంటే నెలకు 3 శాతం అనుకుందాం. నెలకు 3,200 కడితే 94 నెలలు పడుతుంది. 4,000 కడితే 47 నెలలు. ఎనిమిది వందలు పెంచితే కాలం సగానికి సగం పడిపోయింది! కారణం చూడండి. మొదటి నెల వడ్డీయే 3,000. కాబట్టి 3,200లో అసలుకు చేరేది 200 మాత్రమే, 4,000లో అయితే వెయ్యి చేరుతుంది. మొదటి లెక్కలో మొత్తం వడ్డీ రెండు లక్షలు దాటుతుంది, రెండో దాంట్లో 87,600 దగ్గర ఆగుతుంది. 5,000 కడితే 31 నెలలు, 6,000 కడితే 24. పైకి వెళ్లేకొద్దీ ప్రతి అదనపు వెయ్యికి దక్కే లాభం తగ్గుతుంది. అసలైన లాభమంతా వడ్డీని కాస్త దాటే ఆ మొదటి మెట్ల దగ్గరే ఉంది. ఎంత కట్టాలో ఇంట్లో చర్చ నడుస్తుంటే ఈ నాలుగు వరుసలు తెరమీద పెట్టండి, చర్చ తొందరగా తెగుతుంది.

ఈ ఫంక్షన్ దగ్గర జనం చేసే తప్పులు మూడు. కట్టే మొత్తాన్ని మైనస్ గుర్తుతో ఇవ్వకపోతే, పై ఉదాహరణలో 5,000కి మైనస్ 15.9 నెలలు అని వస్తుంది. కాలం వెనక్కి నడవదు కాబట్టి ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది. రెండోది, ఏడాది రేటును 12తో భాగించడం మరిచిపోవడం. అప్పుడు నమ్ (#NUM!) అనే ఎర్రర్ వస్తుంది, ఇదీ దాగదు. అసలు ప్రమాదం మూడో తప్పుతోనే. కార్డు స్టేట్‌మెంట్ మీద చాలాసార్లు నెలవారీ రేటు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. టెంప్లేట్ అడిగేది ఏడాది రేటు. ఆ గడిలో 3 శాతం అని కొడితే అది మళ్లీ 12తో భాగించి, 31 నెలల అప్పు 21 నెలల్లో తీరిపోతుందని చూపిస్తుంది. ఎర్రర్ రాదు, అంకె చూడముచ్చటగా ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానించరు. వడ్డీ గడి నింపాక మొదటి నెల వడ్డీని స్టేట్‌మెంట్‌లోని వడ్డీతో పోల్చి చూడండి. పదో పరకో తేడా ఉంటే ఫర్వాలేదు, ఎందుకంటే చాలా కార్డులు రోజువారీ బాకీ మీద వడ్డీ వేస్తాయి, షీట్ నెలకోసారి వేస్తుంది. తేడా రెట్లలో ఉంటే మాత్రం రేటు తప్పుగా కొట్టారన్నమాట.

సరైన రేటు ఇచ్చినా నమ్ ఎర్రర్ వస్తోందంటే అది షీట్ తప్పు కాదు. మీరు కట్టేది వడ్డీకే చాలడం లేదని, ఆ అప్పు ఎప్పటికీ తీరదని అర్థం. ఇంత ముక్కుసూటిగా ఆ మాట చెప్పే బ్యాంకు స్టేట్‌మెంట్లు తక్కువే.

మినిమమ్ డ్యూ సంగతిని చాలా టెంప్లేట్లు సరిగా చూపించవు. కనీస మొత్తం గడిలో ఒక అంకె రాయించుకుని, ప్రతినెలా అంతే కడతారని లెక్క వేస్తాయి. నిజానికి చాలా కార్డుల్లో అది బాకీలో శాతం, బాకీ తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. వడ్డీ కలిపాక వచ్చిన బాకీలో 5 శాతం కట్టాలనుకోండి. లక్ష మీద మొదటి నెల 5,150 వస్తుంది. స్థిరంగా 5,000 కట్టేవారికన్నా ఆ నెల ఎక్కువే కట్టినట్టు. 31 నెలల తర్వాత చూస్తే, 5,000 కట్టినవారి బాకీ సున్నా, 5 శాతం కట్టినవారికి ఇంకా దాదాపు 51,000 మిగిలి ఉంటుంది. అందుకే ఈ నెల మినిమమ్ ఎంత వచ్చిందో ఆ అంకెను పట్టుకుని, వచ్చే నెల అది తగ్గినా మీరు మాత్రం తగ్గకండి. టెంప్లేట్‌లోని ‘కనీసం’ గడిలో రాయాల్సిందీ ఆ స్థిరమైన అంకెనే.

ఇక ఆ తక్కువైన కాలమ్.

టెంప్లేట్ నెలవారీ పట్టికలో సాధారణంగా నాలుగు కాలమ్‌లు ఉంటాయి: మొదలు బాకీ, వడ్డీ, కట్టింది, చివరి బాకీ. మధ్యలో ఇంకో రెండు పెట్టాలి. ఒకటి ‘కొత్త వాడకం’, రెండోది ‘ఫీజులు’. చివరి బాకీ ఫార్ములా ఇలా మారుతుంది: మొదలు బాకీ, దానికి వడ్డీ, కొత్త వాడకం, ఫీజులు కలిపి, కట్టింది తీసెయ్యాలి. ఇంతే మార్పు. కానీ దీని ప్రభావం చూడండి. అదే లక్ష, అదే 5,000 కిస్తీ. నెలకు వెయ్యి మాత్రం కార్డు మీద కొత్తగా వాడుతున్నారు. 31 నెలలు కాస్తా 47 అయిపోతాయి. లెక్క ప్రకారం ఇది 4,000 కిస్తీతో సమానమే కదా. వెయ్యి పెద్ద మొత్తంలా అనిపించదు, కానీ పదహారు నెలలు అంటే ఏడాది మీద మరో నాలుగు నెలలు. చిల్లు బిందెలో నీళ్లు పోస్తూ ధార ఇంకాస్త పెంచమని సలహా ఇచ్చే పనే మామూలు టెంప్లేట్ చేస్తోంది.

ఈ కాలమ్ నింపడంలోనూ కిటుకు ఉంది. స్టేట్‌మెంట్‌లో ‘మొత్తం డెబిట్లు’ అని కనిపించే అంకెను అలాగే ఎత్తి రాయకూడదు. అందులో వడ్డీ, ఆలస్య రుసుము, పన్నులు కూడా కలిసి ఉండొచ్చు. వాటిని విడదీసి కొనుగోళ్లను మాత్రమే రాయాలి, లేదంటే వడ్డీని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. వాయిదాలుగా మార్చుకున్న కొనుగోలును వేరే అప్పుగా ఇంకో వరుసలో పెట్టండి. కార్డు బాకీలోంచి అది మాయమైనట్టు కనిపిస్తుంది గానీ ఎక్కడికీ పోలేదు. నెలనెలా తమంతట తామే తెగిపోయే చందాలు కూడా కొత్త వాడకమే. ‘అవి ఎప్పుడూ ఉండేవే కదా’ అని వదిలేస్తే కాలమ్ పెట్టి ప్రయోజనం లేదు. బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా కొంటే, చాలా కార్డుల్లో ఆ కొనుగోలుకు వడ్డీలేని గడువు కూడా దక్కదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. కాబట్టి బాకీ తీర్చే కార్డును ఇంట్లో పెట్టి, షాపింగ్ సైట్లలో సేవ్ చేసిన దాని వివరాలు తీసేసి, చందాలను డెబిట్ ఖాతాకు మార్చేశాకే షీట్ చెప్పే తేదీని నమ్మండి.

ఏ అప్పు ముందు తీర్చాలన్న చర్చకు టెంప్లేట్లు అవసరానికి మించిన చోటు ఇస్తాయి. పైన ఒక మెనూ ఉంటుంది, అందులో ‘అవలాంచ్’ అంటే ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు, ‘స్నోబాల్’ అంటే చిన్న బాకీ ముందు. ఒక ఉదాహరణ నడిపి చూద్దాం. 80,000 కార్డు బాకీ నెలకు 3 శాతం వడ్డీతో, 20,000 చిన్న లోను నెలకు 1 శాతంతో. కనీస కిస్తీలు 3,200, 1,000. నెలకు మొత్తం 7,000 కట్టగలరు. ఎక్కువ వడ్డీని ముందు పట్టుకుంటే 18వ నెల చివరికి రెండు అప్పులూ కలిపి 16 మాత్రమే మిగులుతుంది. ఆ చిల్లరా ఆ నెలే విసిరేస్తే పని అయిపోయినట్టే. చిన్న బాకీని ముందు పట్టుకుంటే 19 నెలలు, వడ్డీ సుమారు 4,400 ఎక్కువ. పద్దు ప్రకారం మొదటిదే సరైనది. కానీ దాంట్లో మొదటి అప్పు తీరడం కనిపించేది 18వ నెలలో, రెండో పద్ధతిలో ఆరో నెలకే ఒక వరుస ఖాళీ అవుతుంది. అప్పులు తీర్చే పని మధ్యలో వదిలేసిన చరిత్ర ఉన్న ఇంటికి ఆ 4,400 దండగేమీ కాదు. వడ్డీ రేట్ల మధ్య తేడా తక్కువైతే ఈ చర్చే అక్కర్లేదు. తేడా మరీ ఎక్కువై, పెద్ద బాకీ మీదే పెద్ద వడ్డీ ఉంటే మాత్రం స్నోబాల్ ఖరీదైన సరదా. ఏదైనా సరే, పైన చెప్పిన నెలకు వెయ్యి కొత్త వాడకం ముందు ఈ తేడా చిన్నదే.

చేబదుళ్ల విషయంలో మాత్రం షీట్‌కు బుద్ధి లేదు. బంధువు దగ్గర వడ్డీ లేకుండా తెచ్చిన డబ్బును సున్నా శాతం అని రాస్తే, అవలాంచ్ దాన్ని చిట్టచివరకు నెట్టేస్తుంది. లెక్క తప్పు కాదు, కానీ ఆ బాకీ మీద పెరిగేది వేరే రకం వడ్డీ. అలాంటివాటిని ఆటోమేటిక్ వరుసలోంచి తీసేసి, స్థిరమైన చిన్న కిస్తీతో విడిగా పెట్టి, ఆ మొత్తాన్ని నెల బడ్జెట్‌లోంచి ముందే మినహాయించండి.

వడ్డీ రేటు దగ్గర ఇంకో మోసం ఉంది, దాన్ని పట్టుకోవడానికి టెంప్లేట్‌లో లేని రేట్ అనే ఫంక్షన్ కావాలి. ‘ఫ్లాట్ 10 శాతం’ అని చెప్పి ఇచ్చిన లక్ష, మూడేళ్లు. వడ్డీ 30,000, నెలకు 3,611. ఈ అప్పును 10 శాతం అని షీట్‌లో రాస్తే తీర్చే వరుసలో అడుగుకు పోతుంది. రేట్ ఫంక్షన్‌కు 36 నెలలు, మైనస్ 3,611, లక్ష అని ఇచ్చి, వచ్చినదాన్ని 12తో గుణించండి. దాదాపు 17.9 శాతం వస్తుంది. ఫ్లాట్ లెక్కలో మీరు అసలు సగం తీర్చేశాక కూడా మొత్తం లక్ష మీదే వడ్డీ వేస్తారు, అందుకే ఇంత తేడా. అయితే ఇలాంటి లోనును ముందే మూసేస్తే మిగిలిన వడ్డీ మాఫీ అవుతుందో లేదో, మూసివేత రుసుము ఎంతో ఒప్పందంలో చూసుకోవాలి. మాఫీ కాకపోతే రేటు ఎంతైనా ముందుగా కట్టడంలో లాభం లేదు. తగ్గుతున్న బాకీ మీద వడ్డీ వేసే లోనులో అదనంగా కడుతుంటే కిస్తీ తగ్గించమనకండి, కాలం తగ్గించమని అడగండి. లేదంటే షీట్ చూపించే తేదీ, లోను ఇచ్చినవారి తేదీ ఎప్పటికీ కలవవు.

టెంప్లేట్‌ను మార్చేటప్పుడు తెగే తీగలు కొన్ని ఉన్నాయి. వడ్డీ రేటు ఉన్న గడిని ఫార్ములాలో డాలర్ గుర్తులతో బిగించాలి, ఎక్సెల్‌లో ఎఫ్4 నొక్కితే అవే వస్తాయి. బిగించకుండా ఫార్ములాను కిందికి లాగితే, రెండో వరుస ఆ కిందున్న ఖాళీ గడిని చూస్తుంది. ఖాళీ అంటే సున్నా, సున్నా వడ్డీతో బాకీ చకచకా కరిగిపోతుంది. అందరూ సంతోషిస్తారు. ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే వడ్డీ కాలమ్‌ను పైనుంచి కిందికి ఒకసారి కళ్లతో చదవాలి: మెల్లగా తగ్గుతూ రావాలి, హఠాత్తుగా సున్నా కాకూడదు. ‘కట్టింది’ గడిలో మిన్ ఫంక్షన్ పెట్టి, కిస్తీ, వడ్డీతో సహా ఉన్న బాకీ రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకోమనండి, లేకపోతే చివరి నెల బాకీ మైనస్‌లోకి పోతుంది. వడ్డీని రౌండ్ ఫంక్షన్‌తో రెండు దశాంశాలకు కుదించండి, లేదంటే 0.004 బాకీ మిగిలి ‘తీరింది’ అనే రంగు ఎప్పటికీ పడదు. ఒక అప్పు తీరాక దాని కిస్తీ తర్వాతి అప్పుకు తనంతట తాను వెళ్తోందో లేదో కూడా పరీక్షించండి. చిన్న అప్పు బాకీ గడిలో 1 అని కొట్టి, రెండో నెలలో పెద్ద అప్పు కిస్తీ పెరిగిందా అని చూస్తే తెలిసిపోతుంది. పెరగకపోతే ఆ టెంప్లేట్ వద్దు. అలా చేతికొచ్చిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోవడానికి ఒక్క నెల చాలు.

షీట్ పట్టించుకోని ఇంకో సంగతి తేదీ. నెల 1న కట్టినా 16న కట్టినా దానికి ఒకటే. కానీ రోజువారీ వడ్డీ వేసే కార్డు మీద, 36 శాతం రేటుతో, 5,000 పదిహేను రోజులు ముందే కడితే సుమారు 74 మిగులుతుంది. గడువు దాకా ఆగకుండా జీతం పడ్డ రోజే కట్టేస్తే ఈ లాభంతో పాటు ఆలస్య రుసుము భయమూ ఉండదు.

ఎప్పుడో ఒకసారి వచ్చే ఖర్చులకు టెంప్లేట్ల దగ్గర సమాధానం లేదు. బీమా, చదువుల ఫీజులు, వాహనం మరమ్మతు, పళ్ల డాక్టరు. ఇవి వచ్చిన నెల కిస్తీ ఎగిరిపోతుంది, లేదా కార్డు మళ్లీ బయటికొస్తుంది. ఇంకో ట్యాబ్ తెరిచి, గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లలోంచి ఇలాంటివన్నీ ఏరి, కూడి, 12తో భాగించండి. ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేశాక మిగిలినదే మీరు నిజంగా అప్పులకు కట్టగలిగేది. చాలామంది ఈ పని చేయకుండా కిస్తీ గడిలో ధైర్యంగా పెద్ద అంకె కొట్టి, మూడో నెలలో బోర్లా పడతారు. వడ్డీ 36 శాతం నడుస్తుంటే చిన్న నిధి పక్కన పెట్టడం పద్దు ప్రకారం నష్టంలా కనిపిస్తుంది. అయినా అది లేకపోతే వచ్చే ప్రతి పంక్చరూ కొత్త వాడకం కాలమ్‌లోనే పడుతుంది.

మిగతా దారులతో పోలిస్తే? బ్యాంకు ఖాతాలోంచి ఖర్చులను తానే లాక్కునే యాప్‌లలో రోజువారీ పద్దు సులువు. కానీ మీ చిట్టా మీ చేతిలో ఉండదు. లక్షల మంది వాడిన మింట్ 2024 మార్చిలో మూతపడింది. అందుకే యాప్ వాడినా నెలకోసారి దాంట్లోంచి డేటా దింపి పెట్టుకోవడం మంచిది. జీఎన్‌యూ క్యాష్ అనే పద్దుల సాఫ్ట్‌వేర్ ఉచితం, జమాఖర్చులు తెలిసినవారికి అద్భుతం, తెలియనివారికి మాత్రం మొదటి వారమే విసుగు. జపాన్‌లో హని మొతొకొ 1904లో ముద్రించిన ఇంటి పద్దుల పుస్తకం నుంచి పుట్టిన కకేబో పద్ధతి వడ్డీ లెక్క వేయదు, కానీ ప్రతి ఖర్చునూ చేత్తో రాయిస్తుంది. రాసేటప్పుడే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడమే దాని విలువ. నెల మధ్యలో జేబు పట్టుకోవడానికి నోట్‌బుక్, నెలాఖరున లెక్క తేల్చడానికి షీట్: ఈ జంటకు ఏ యాప్ కూడా సాటి రాదని చెప్పొచ్చు.

ఇద్దరు సంపాదించే ఇంటికి గూగుల్ షీట్స్ మేలు, ఎవరు ఏ అంకె ఎప్పుడు మార్చారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది (దాన్ని పోట్లాటకు వాడకండి). నెట్ లేకుండా, ఖర్చు లేకుండా కావాలంటే లిబ్రేఆఫీస్ క్యాల్క్ సరిపోతుంది, పైన చెప్పిన ఫంక్షన్లన్నీ అందులో ఉన్నాయి. ఫైలు ఎందులో ఉన్నా కార్డు నంబర్లు, పాస్‌వర్డ్‌లు రాయొద్దు. ‘కార్డు ఒకటి’, ‘బండి లోను’ అంటే చాలు. ఫోనులో మాత్రం ఇవేవీ సుఖంగా ఉండవు. బాకీ చూసుకోవడానికి ఫోను సరే, ఫార్ములా ముట్టుకోవడానికి కంప్యూటరే కావాలి.

ఒక కార్డు వరుస సున్నా అయ్యాక వెంటనే దాన్ని చెరిపేయకండి. స్టేట్‌మెంట్ తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య పెరిగిన వడ్డీ తర్వాతి స్టేట్‌మెంట్‌లో చిన్న మొత్తంగా వస్తుంది. షీట్ దాన్ని ఊహించదు. అది కట్టకపోతే దానిమీద ఆలస్య రుసుము, గోరుచుట్టు మీద రోకటిపోటు. వరసగా రెండు స్టేట్‌మెంట్లు సున్నా చూపించాక ఆ వరుసకు రంగు వేసి, కిస్తీని తర్వాతి అప్పుకు పంపండి.